బౌబజార్ వీధి పరిశోధనలు

ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌ను డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో కలకత్తా బౌబజార్ వీధి 210వ నంబరు భవనంలో స్థాపించారు. భారతీయులే విరాళాలు వేసుకుని, భారతీయులే నడుపుకునే విజ్ఞాన సంస్థ కావాలన్నది ఆయన పట్టుదల. తొలి మూడు దశాబ్దాలు అక్కడ ప్రధానంగా ఉపన్యాసాలే జరిగాయి. ఫాదర్ లాఫోంట్ ప్రయోగాలు చేసి చూపిస్తూ భౌతికశాస్త్రం చెప్పేవారు. 1904లో సర్కార్ కన్నుమూసేనాటికి ఆయన ఎదురుచూసిన పరిశోధకుడు ఇంకా రాలేదు.

ఆ పరిశోధకుడు 1907లో వచ్చాడు. ఆర్థికశాఖ ఉద్యోగిగా కలకత్తా చేరిన సి.వి. రామన్ ఆఫీసు వేళలు పోను మిగిలిన పొద్దంతా ఈ ప్రయోగశాలలోనే గడిపేవారు. ఆశుతోష్ డే అనే సహాయకుడు పరికరాలు అమర్చి పెట్టేవాడు. నేచర్, ఫిలసాఫికల్ మ్యాగజైన్ పత్రికల్లో ఈ సంస్థ చిరునామాతో రామన్ వ్యాసాలు రావడం అప్పుడే మొదలైంది. సంస్థ సొంతంగా బులెటిన్లూ అచ్చువేసింది. కమానుతో వాయించే తీగల కంపనాలపై రామన్ రాసిన 15వ బులెటిన్ 1918లో వెలువడింది. జర్మన్ల బృహద్గ్రంథం హాండ్‌బుక్ డెర్ ఫిజిక్‌లో సంగీత వాద్యాల అధ్యాయం 1927లో రామన్ రాసిందే. బౌబజార్ మాట యూరప్‌లో చెల్లుబాటైందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

పరదేశపు పత్రికకు వ్యాసం పంపితే ఓడ టపాలోనే వారాలు గడిచిపోయేవి. 1926లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్ మొదలుపెట్టడంతో సంస్థకు సొంత గొంతు వచ్చింది. దాని విలువ రెండేళ్లలోనే తెలిసింది.

1928 ఫిబ్రవరిలో రామన్, ఆయన సహపరిశోధకుడు కె.ఎస్. కృష్ణన్ టెలిస్కోపు కటకంతో ఎండను ఒకచోటికి చేర్చి, ఊదారంగు ఫిల్టరు గుండా ద్రవంలోకి పంపారు. చెదిరి వచ్చే కాంతికి ఆకుపచ్చ ఫిల్టరు అడ్డుపెట్టారు. రంగు మారకపోతే కంటికి ఏమీ కనిపించకూడదు. అయినా మసక వెలుగు కనిపించింది. అంటే చెదిరిన కాంతిలో కొంత రంగు మార్చుకుందన్నమాట. దీనికే 'రామన్ ఫలితం' అని పేరు. అరవై దాకా ద్రవాల్లో ఇదే ఫలితం. కొద్దిపాటి ఖర్చుతో సమకూరిన పరికరాలతో సాధించిన పని ఇది. నేచర్‌లో వారి లేఖ మార్చి 31న వెలువడింది. మార్చి 16న బెంగళూరులో రామన్ చేసిన ఉపన్యాసాన్ని సంస్థ పత్రిక వెంటనే అచ్చువేసింది. ఆ ప్రతులు దేశదేశాల శాస్త్రవేత్తలకు టపాలో చేరాయి.

మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ స్ఫటికాల్లో ఇదే దృశ్యాన్ని అదే ఫిబ్రవరిలో చూశారు. వారి వ్యాసం జూలైలో వచ్చింది, అందులో రామన్ లేఖల ప్రస్తావన ఉంది. చప్పున ప్రకటించడం ఎంత అవసరమో ఆ తేదీలే చెబుతాయి. తొలి ఏడేళ్లలో ఈ ఫలితంపై 700కు పైగా వ్యాసాలు వెలువడ్డాయి. 1930లో రామన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

తెలుగునాటికి ఈ పరంపరను తెచ్చినవారు సూరి భగవంతం. నిజాం కళాశాలలో చదివి 1928లో రామన్ దగ్గర చేరిన ఆయన, 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితంపై ఆయన రాసిన గ్రంథాన్ని 1940లో ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించింది.

1933లో రామన్ బెంగళూరు వెళ్లిపోయినా పని ఆగలేదు. కృష్ణన్ స్ఫటికాల అయస్కాంత ధర్మాలను, కేదారేశ్వర్ బెనర్జీ ఎక్స్-కిరణాలతో స్ఫటికాల నిర్మాణాన్ని శోధించారు. తరువాత సంస్థ జాదవ్‌పూర్‌కు మారింది. మేఘనాద్ సాహా దానికి డైరెక్టరుగా పనిచేశారు.

ఇంతటి పని ప్రభావాన్ని ఉదహరింపుల లెక్కతో కొలవడం మాత్రం కష్టం. ఒక వ్యాసాన్ని మరెందరు ఉదహరించారో లెక్కకట్టే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను యూజీన్ గార్ఫీల్డ్ 1964లో తెచ్చారు. అప్పటికే 'రామన్ ఫలితం' పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. ఆ ఫలితం ఆధారంగా పనిచేసే రామన్ స్పెక్ట్రోమీటరు వాడి మందులనో రత్నాలనో పరీక్షించేవారు 1928 నాటి వ్యాసాన్ని ఉదహరించడం అరుదు. అందుకే బౌబజార్ ప్రయోగశాల చేసిన అతిపెద్ద పనికి ఏ సూచికలోనూ పూర్తి లెక్క దొరకదు.