తాళం పడ్డ ఇళ్ళు

హైదరాబాదులో బిల్ కలెక్టరుగా చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన చెప్పారు: "తాళం చూసి నమ్మకు, మీటరు చూడు." అర్ధ సంవత్సరం ఇల్లు నిజంగా ఖాళీగా ఉంటే ఆస్తి పన్నులో సగం మాఫీ. వేకెన్సీ రెమిషన్ అంటారు. యజమాని అర్జీ పెడితే వెళ్ళి కరెంటు మీటరు, గుమ్మం ముందు ముగ్గు, దండెం మీద బట్టలు చూసేవాళ్ళం. మిద్దె ఎక్కి చూడటం మా పని కాదు.

అది టౌన్ ప్లానింగ్ వాళ్ళ వంతు. వాళ్ళకు 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలో 456వ సెక్షన్ ఉంది. పడిపోయేలా ఉన్న కట్టడాన్ని కూల్చమనో, ఊతం పెట్టించమనో, మరమ్మతు చేయించమనో నోటీసు ఇవ్వచ్చు. 1888 నాటి ముంబయి చట్టంలోని 354వ సెక్షను దీనికి అన్నగారు. రెండింటి భయమూ ఒకటే, గోడ వీధిలో పోయేవాడి మీద పడుతుందేమోనని. లోపల ఇల్లు ఏమైపోతున్నా వాటికి పట్టదు.

పాతబస్తీ దేవిడీలు, అంటే నవాబుల నాటి పెద్ద భవంతులు, చాలా వరకు అలాగే పోయాయి. డంగు సున్నం గోడ గాలి ఆడుతుంటే తరాలు నిలుస్తుంది. తలుపులు మూసేస్తే మొదట ఎండుటాకులు తూముకు అడ్డుపడతాయి. మిద్దె మీద నీళ్ళు నిలుస్తాయి. దూలం చివర గోడలో దూరినచోట తడికి కుళ్ళుతుంది, పైకి కనపడదు. కాకి వేసిన రావి గింజ సందులో మొలుస్తుంది. మొలకప్పుడు రెండు వేళ్ళతో పీకెయ్యచ్చు. చెట్టయ్యాక పీకితే గోడే ఊడివస్తుంది. నోటీసు అంటించే వేళకు మరమ్మతు కంటే కూల్చడమే చవక. పంపకాలు తేలని వారసులకు అదీ ఒక దారే. నేల ధర సంగతి చెప్పక్కర్లేదు.

1995లో హుడా (హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగు నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. జాబితాకెక్కిన పాత కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చకూడదన్నారు. మంచిదే. మరి తూము ఊడ్చేదెవరు? 2015లో ఆ నిబంధననే తీసేశారు.

నిలిచిన ఇళ్ళలో నేను చూసిన చాలావాటికి ఏ నోటీసూ కాదు, కాపలా కుటుంబమే రక్ష. వీధిగదిలో అద్దె లేకుండా ఉంటూ రోజూ కిటికీలు తెరిచేవారు, వానకు ముందు మిద్దె ఊడ్చేవారు. అలాంటి ఇంటిని ఖాళీ అని రాయాలా వద్దా అని ఆఫీసులో మాలో మాకే వాదన. మీటరు తిరుగుతోంది కదా అనేవారు కొందరు. రాయాలనే నేను పట్టుబట్టేవాణ్ణి.