చెరపడిన రాజు: చరిత్ర సాక్ష్యములు, బాలబాలికల ప్రశ్నలు

గ్రంథాలయమునుండి చరిత్ర పుస్తకములు గొనిపోవు పదునాలుగు, పదునైదేండ్ల బాలబాలికలు యుద్ధవృత్తాంతములను మిక్కిలి యిష్టముతో చదువుదురు. కోట ముట్టడియు, ఏనుగుల బారులును, గెలిచినవాని పేరును వారికి కంఠస్థములు. యుద్ధము ముగిసిన మరునాడు ఓడిన పక్షమున బ్రతికి మిగిలినవారు ఏమైరను విషయము మాత్రము పాఠ్యపుస్తకములలో ఒక్క వాక్యముతో దాటిపోవును. ఫలానా రాజు బందీయయ్యెనని వ్రాసి గ్రంథకర్త తరువాతి ప్రకరణమునకు పోవును. ఆ ఒక్క వాక్యములో ఎంత కథ యణగియున్నదో పిల్లలకు తెలియజెప్పుటకు ఆంధ్రదేశ చరిత్రమున కాకతీయ ప్రతాపరుద్రుని చెరను మించిన ఉదాహరణము లేదు.

అయినను ముందుగా ఒక లెక్కను చూపుట మేలు. గుత్తికి చేరువనున్న ఎర్రగుడి బండలపై అశోకచక్రవర్తి శిలాశాసనములు గలవు. వానిలో పదమూడవది కళింగయుద్ధమును గూర్చినది. అందు చక్రవర్తి తానే చెప్పిన లెక్క ప్రకారము 1,50,000 మంది ఆ దేశమునుండి కొనిపోబడిరి. 1,00,000 మంది చంపబడిరి. అంతకు పెక్కురెట్లు మంది మరణించిరి. చంపబడినవారికంటె ముందుగా చెరగొనిపోబడినవారి సంఖ్యయే వచ్చుట గమనింపదగినది. చక్రవర్తి పశ్చాత్తాపపడెను, నిజమే. కాని కొనిపోబడినవారిని మరల స్వస్థలములకు పంపినట్లు ఆ శాసనమున ఒక్క మాటయు లేదు. కళింగములోనే యున్న ధౌళి, జౌగడ శాసనములలో ఈ పదమూడవ శాసనమును చెక్కింపనే లేదు. దుఃఖపడినవారి యూరిలో లేని పశ్చాత్తాపము ఎర్రగుడిలో ఉండుట యేలయని ఏ బాలుడైన అడిగినచో, అతడు చరిత్ర చదువ నారంభించినట్లే.

ఎర్రగుడి లెక్కలో లక్షన్నరమందికి ఒక్క పేరైనను లేదు. ఓరుగంటి కథలో పేరున్నది, సాక్ష్యములును పెక్కులున్నవి. చిక్కంతయు ఆ సాక్ష్యములు ఒకదానితో నొకటి పొసగకపోవుటయే.

1310లో మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించినప్పుడు ప్రతాపరుద్రుడు సంధి చేసికొనెను. అప్పుడాయన మెడలో బంగారు గొలుసు వేసిన తన స్వర్ణప్రతిమను లొంగుబాటునకు గుర్తుగా పంపెనని ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో వ్రాసెను. పదుమూడేండ్లకు ప్రతిమకు మారుగా మనుష్యుడే పోవలసివచ్చెను. 1323లో ఉలుగ్ ఖాను, అనగా తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అను పేర సింహాసన మెక్కినవాడు, కోటను పట్టుకొనెను. రాజు బందీయయ్యెను.

ఆ మీద ఏమి జరిగెను? ఢిల్లీ చరిత్రకారుడు బరనీ చెప్పునది కొద్ది మాత్రమే: రాజును, బంధుజనమును, ఏనుగులను, ధనరాసులను ఢిల్లీకి పంపిరి. రాజు ఆ జాబితాలో ఒక పద్దు; ఏనుగులకును ధనమునకును తోడుగా లెక్కకు వచ్చినవాడు. గెలిచినవారి దఫ్తరములో ఓడినవాడు ఏ వరుసలో నుండునో ఇంతకంటె స్పష్టముగా చూపు వాక్యము దొరకదు.

రెండవ సాక్ష్యము నేటి కోనసీమలోని విలస గ్రామపు తామ్రశాసనము. ముసునూరి ప్రోలయనాయకుడు 1330 ప్రాంతమున ఇచ్చిన దానపత్రమిది. నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ గారలు దీనిని పరిష్కరించి ప్రకటించిరి. ప్రతాపరుద్రుని ఢిల్లీకి కొనిపోవుచుండగా సోమోద్భవా నదీతీరమున ఆయన దివంగతుడయ్యెనని యిందున్నది. సోమోద్భవ యనగా నర్మద. మూడవది, శతాబ్దము గడచిన పిదప 1423లో రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనము. ఇందు రాజు తన యిచ్ఛచేతనే దివికేగెనని చెప్పబడినది. దీనిని కొందరు చరిత్రకారులు ఆత్మహత్యగా గ్రహించిరి. మహారాజుల మరణమును గౌరవముతో చెప్పు పలుకుబడిగాను గ్రహింపవచ్చును. ఈ ఒక్క మాటను పట్టుకొని తీర్పు చెప్పుట తొందరపాటు.

నాల్గవది సంతమాగులూరులోని 1326 నాటి శాసనము. రాజోద్యోగి యొకడు వేయించిన యీ శాసనములో ప్రతాపరుద్రుడే ప్రభువుగా పేర్కొనబడెను. ఐదవది ఏకామ్రనాథుని ప్రతాపచరిత్ర. పండితులు దీనిని పదునారవ శతాబ్దమునకు చెందినదిగా నెంతురు. దీని ప్రకారము రాజు ఢిల్లీకి పోయి, మహిమ చూపి, విడుదలపొంది తిరిగివచ్చెను.

పిల్లలు ఈ కడపటి కథను పట్టుకొందురు. పెద్దలును పట్టుకొనిరి, కావుననే అది యిన్ని తరములు నిలిచెను. తమ రాజు నది యొడ్డున పరుల కావలిలో ప్రాణము విడిచెనని యొప్పుకొనుటకు ఏ మనస్సునకు ఇష్టమగును? ఆ కథ చెప్పినవారిని అసత్యవాదులని పిల్లలయెదుట ఎగతాళి చేయరాదు. ఓడిన ప్రజలు తమ దుఃఖమును మోసికొనిన తీరునకు అదియు నొక సాక్ష్యమే. కాని రాజు ఎక్కడ మరణించెనను ప్రశ్నకు అది సాక్ష్యము కాదు.

గ్రామములలో ఒకే చేనికి రెండు దస్తావేజులు బయలుదేరినప్పుడు పెద్దలు చూచునవి కొన్ని గలవు. వ్రాసినవాడెవడు, ఏనాడు వ్రాసెను, ఆ వ్రాతవలన ఎవనికి లాభము, ఎదురుపక్షమువాని కాగితములో అదే మాట యున్నదా? ఈ ప్రశ్నలు పిల్లలకు క్రొత్తవి కావు, ఇంటిలోనే విన్నవి. వానిని ఈ సాక్ష్యములపై ప్రయోగించిన చాలును. ప్రోలయనాయకుడు తురుష్కుల చేతినుండి దేశమును విడిపించితినని చెప్పుకొన్నవాడు. పూర్వప్రభువు జీవించియుండలేదని చెప్పుట అతనికి అనుకూలమే. కనుక అతని మాటను కొంత అనుమానింపవలసినదే. అయితే 1398లో తైమూరు దండెత్తిన తరువాత ఢిల్లీలో చరిత్ర వ్రాసిన షమ్స్-ఇ-సిరాజ్ అఫీఫ్ కూడ తెలంగరాజు ఢిల్లీకి పోవుచు దారిలోనే మరణించెనని చెప్పెను. అతనికి విలస శాసనముతో పొత్తు లేదు, ప్రోలయనాయకునియందు పక్షపాతము లేదు. శత్రుపక్షములు రెండును వేర్వేరుగా ఒకే మాట చెప్పినప్పుడు ఆ మాటకు బలము హెచ్చు. ఇక సంతమాగులూరు శాసనము సంగతి. ప్రభువు పోయినను పత్రముల తలకట్టులో ఆయన పేరు కొంతకాలము నిలుచుట లోకములో ఉన్నదే. క్రొత్త ప్రభువెవరో తేలనినాడు ఉద్యోగి పాత పేరునే వ్రాయును. ఆ ఒక్క శాసనముతో రాజు విడుదల రుజువు కాదు.

ఈ పాఠము చెప్పునప్పుడు ఒక జాగరూకత అవసరము. ఢిల్లీ సుల్తానులు చెరపట్టిరి గనుక ఇది ఒక మతమువారి దోషమని పిల్లలు తలపోయరాదు. ఐదవ మహిందుడను సింహళరాజును 1017 ప్రాంతమున చోళసైన్యము పట్టి కొనిపోయెను. అతడు పండ్రెండేండ్లు చోళదేశమున చెరలోనుండి అచ్చటనే కన్నుమూసెనని సింహళీయుల చూళవంశము చెప్పుచున్నది. చోళశాసనములలో అది విజయము; చూళవంశములో శోకము. ధర్మము తెలియక చేసిన పనులా యివి? కావు. వ్యాసభారత శాంతిపర్వమున భీష్ముడు, గాయపడిన శత్రువునకు తన దేశమున చికిత్స చేయింపవలెననియో, అతనిని ఇంటికి పంపవలెననియో, గాయము మానిన పిమ్మట విడిచిపెట్టవలెననియో బోధించెను. గ్రంథములో ధర్మముండెను, దండుబాటలో అది కానరాలేదు.

1949 ఆగస్టు 12న కుదిరిన జెనీవా ఒడంబడిక ప్రకారము యుద్ధఖైదీ తన పేరు, హోదా, పుట్టిన తేది, సైనికసంఖ్య మాత్రమే చెప్పిన చాలును. శిబిరము చేరిన వారము దినములలోగా తాను బ్రతికియున్నట్లు ఇంటికి కార్డు వ్రాసికొను హక్కు అతనికి గలదు. భారతదేశము 1950లో దీనికి సమ్మతి తెలిపెను. ఈ కార్డు సంగతి చెప్పగానే పిల్లలు ఓరుగంటి కథలోని లోపమును తమంతట తామే కనిపెట్టుదురు. బరనీ చెప్పెను, ప్రోలయ చెప్పెను, అనితల్లి చెప్పెను, అఫీఫ్ చెప్పెను. ప్రతాపరుద్రుడు చెప్పిన మాట ఒక్కటియు మనకు దక్కలేదు.

రాజుతోనే ఈ పాఠమును ముగింపరాదు, ఏలయన చచ్చిన బందీని గౌరవించుట సులభము. బ్రతికిన బందీని అర్థము చేసికొనుట కష్టము. అఫీఫ్ చెప్పిన మరియొక తెలుగువాని కథ యిది. తెలంగరాజు కొలువులో ఉన్నతపదవి నందిన యొకడు, రాజు దారిలో మరణించిన పిమ్మట మహమ్మద్ బిన్ తుగ్లక్ ఎదుటికి పోయెను. మతము మార్చుకొని మక్బూల్ అను పేరు పొందెను. చదువను వ్రాయను రాకున్నను బుద్ధిశాలియని అఫీఫ్ అతనిని మెచ్చుకొనెను. మొదట ముల్తాను అతని యధీనమయ్యెను. 1351లో ఫిరోజ్ షా సింహాసనమునకు వచ్చిన తరువాత అతడు ఖాన్-ఇ-జహాన్ అను బిరుదుతో వజీరయ్యెను. ఢిల్లీకి నిజమైన సుల్తాను అతడేయని ఫిరోజ్ షాయే పలికెనట.

ఈ మక్బూలే ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నయయని కొందరు పండితుల నిర్ణయము. తిక్కన శిష్యుడు మారన తన మార్కండేయ పురాణమును ఆ గన్నయసేనానికే అంకితమిచ్చెను. ఆ నిర్ణయము సరియైనచో, తెలుగు కావ్యమునకు కృతిభర్తయు ఢిల్లీ వజీరును ఒక్కడే.

పదునైదేండ్లవాడు వెంటనే ద్రోహియనును. అనుటకు అవకాశమీయవలెను. ఆ పిమ్మట మారన అవతారికను, అఫీఫ్ వ్రాతను వానియెదుట నుంచి, ఓడిన కోటలో బ్రతికి మిగిలిన సేనాని యెదుట ఆనాడున్న మార్గములెన్ని, వానిలో ఏది అతడెంచుకొనినది, ఏది బలవంతముగా వచ్చిపడినది, ఆ సంగతి అతడే చెప్పెనా, ఇతరులు చెప్పిరా యని అడుగవలెను. జవాబు రాకపోయినను తొందరలేదు. మక్బూలు 1368 ప్రాంతమున మరణించెను. ఎనిమిది మూలల ఆతని సమాధిని కుమారుడు ఢిల్లీలో నిజాముద్దీను దర్గా దాపున కట్టించెను. ఖాన్-ఇ-జహాన్ తిలంగానీ సమాధియని దానికి పేరు.