బాలల శోకోపశమన శిబిరాలు – చరిత్ర

తల్లినో తండ్రినో తోబుట్టువునో పోగొట్టుకున్న పిల్లలను రెండు మూడు రోజుల నుంచి వారం దాకా ఒకచోట చేర్చి, ఆటపాటల నడుమ తమ దుఃఖాన్ని చెప్పుకునే వీలు కల్పించే శిబిరాలను శోకోపశమన శిబిరాలు అంటారు. బడులకు సెలవులు ఉంటాయి కాబట్టి ఇవి ఎక్కువగా వేసవిలో జరుగుతాయి. ఇవి వైద్యశాలలు కావు, అనాథాశ్రమాలూ కావు. శిబిరం ముగియగానే పిల్లలు తమ ఇంటికే వెళ్తారు. అమెరికా, బ్రిటన్లలో 20వ శతాబ్ది చివరి రెండు దశాబ్దాల్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతికి కావలసిన విడిభాగాలు తెలుగు నేల మీద ఎప్పటి నుంచో ఉన్నాయి. ప్రకాశం జిల్లా దర్శి వంటి పత్తి, మిరప ప్రాంతాల్లో వాటిని ఒక్కచోట చేర్చవలసిన అవసరం ఎందుకుందో ఈ చరిత్రే చెబుతుంది.

పూర్వరంగం

శతాబ్దాల పాటు పిల్లల దుఃఖాన్ని బంధువులకు, కర్మకాండకు వదిలేయడమే చాలా సమాజాల్లో ఆనవాయితీ. తెలుగు ఇళ్ళలో చిన్నకర్మ, పెద్దకర్మ, సంవత్సరీకం, క్రైస్తవ కుటుంబాల్లో ఆదరణ కూడిక, ముస్లిం కుటుంబాల్లో నలభయ్యో రోజు ఫాతిహా ఆప్తులను కూడగడతాయి. వాటి విలువ తక్కువది కాదు. అయితే అవి పెద్దల దుఃఖానికి ఏర్పడ్డ కట్టుబాట్లు. పసివాళ్ళను పొరుగింటికి పంపి, నాన్న ఊరెళ్ళాడని చెప్పడం ఒక రివాజు. పదేళ్ళ కొడుకు చేత తలకొరివి పెట్టించి, ఇక ఇంటికి పెద్ద దిక్కు నువ్వేనని చెప్పడం ఇంకొక రివాజు. మొదటిదాంట్లో బిడ్డకు నిజం అందదు, రెండోదాంట్లో ఏడ్చే హక్కు అందదు.

శాస్త్రం కూడా ఆలస్యంగానే ఇటు చూసింది. ఫ్రాయిడ్ 1917లో శోకం గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసం పెద్దల గురించే. 1948లో మానసిక శాస్త్రవేత్త మరియా నాగీ బుడాపెస్ట్ పిల్లలపై తన అధ్యయనాన్ని ప్రచురించి, అయిదేళ్ళ లోపు వారు చనిపోయినవారు తిరిగి వస్తారనుకుంటారని, మరణం అందరికీ తప్పనిదన్న ఎరుక సుమారు తొమ్మిదేళ్ళకు స్థిరపడుతుందని చూపారు. 1980లో మనోవైద్యుడు జాన్ బౌల్బీ ఇంకొక మెట్టు ఎక్కించారు. జరిగింది దాచకుండా చెప్పి, ప్రశ్నలు అడగనిచ్చి, ఇంటివారి దుఃఖంలో పాలుపంచుకోనిచ్చి, పక్కన నమ్మకమైన పెద్ద ఒకరుంటే చిన్నపిల్లలు కూడా శోకాన్ని దాటగలరన్నది ఆయన నిర్ధారణ. తరువాత వచ్చిన శిబిరాలన్నీ ఈ నాలుగు షరతులను ఆచరణలో పెట్టే ప్రయత్నాలే.

రూపుదిద్దుకున్న ఇరవై ఏళ్ళు: 1982–2002

మెదడులో కణితితో 1981లో మరణించిన డగీ అనే అమెరికన్ బాలుడు ఈ చరిత్రకు ప్రేరణ. పిల్లలకు మరణం గురించి ఎవరూ నేరుగా ఎందుకు చెప్పరని అతను మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్‌కు ఉత్తరం రాశాడు, ఆమె బొమ్మలతో జవాబిచ్చారు. అతని స్ఫూర్తితో 1982లో ఆరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో బెవర్లీ చాపెల్ అనే నర్సు డగీ సెంటర్ ప్రారంభించారు. ఒకే రకం నష్టం ఎదుర్కొన్న పిల్లలను ఒకచోట కూర్చోబెడితే వాళ్ళే ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారన్నది అక్కడి మూలసూత్రం. 1992లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో మానసిక శాస్త్రవేత్త జూలీ స్టోక్స్ స్థాపించిన విన్‌స్టన్స్ విష్ ఈ సూత్రాన్ని వారాంతపు శిబిరంగా మలిచింది. సీసాలో రంగురంగుల ఉప్పు పోసి ఒక్కో రంగుకు ఒక్కో జ్ఞాపకం చెప్పించడం, కోపాన్ని మట్టిముద్దలతో గోడకు కొట్టించడం, వైద్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి మరణం గురించి ఏ ప్రశ్నైనా అడగనివ్వడం అక్కడి చక్కని పద్ధతులు. అదే సమయంలో మిగిలిన తల్లికో తండ్రికో వేరుగా బృంద సమావేశం నడపడం అన్నిటికన్నా దూరదృష్టి గల ఏర్పాటు.

1994లో బానీ క్యారల్ స్థాపించిన టాప్స్ సంస్థ సైనిక కుటుంబాల పిల్లలకు ఇటువంటి శిబిరాలు నడిపింది. తొమ్మిదో ఏట తల్లిని, పన్నెండో ఏట తండ్రిని పోగొట్టుకున్న లిన్ హ్యూస్ 1998లో వర్జీనియాలో కంఫర్ట్ జోన్ క్యాంప్ స్థాపించారు. ప్రతి బిడ్డకూ ఒక పెద్ద స్వచ్ఛంద సేవకుణ్ణి తోడుగా ఇవ్వడం దాని ప్రత్యేకత. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో ఆప్తులను కోల్పోయిన పిల్లలనూ ఆ సంస్థ ఆదుకుంది. బేస్‌బాల్ ఆటగాడు జేమీ మోయర్ దంపతులు, 17 ఏళ్ళకే కాలేయ క్యాన్సర్‌తో మరణించిన ఎరిన్ అనే బాలిక పేర 2002లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలుపెట్టిన క్యాంప్ ఎరిన్ తరువాత అనేక నగరాలకు విస్తరించింది. 6 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు అది పూర్తిగా ఉచితం. ఈ పద్ధతి సంపన్న దేశాలకే పరిమితం కాలేదు. జింబాబ్వేలో బులవాయో సమీపాన సాల్వేషన్ ఆర్మీ 1998 ప్రాంతంలో మసియే శిబిరాన్ని ఎయిడ్స్ వల్ల తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లల కోసం నడిపింది.

తెలుగు నేల, దర్శి ప్రాంతం

దర్శి చుట్టుపక్కల సాగు పెట్టుబడి బరువు మోసే సాగు. పత్తికి, మిరపకు విత్తనం, పురుగుమందు, కూలి, కౌలు అన్నీ ముందే పెట్టాలి. ధర, వాన తరువాతి మాట. 1997–98లో పత్తి దెబ్బతిన్నప్పుడు వరంగల్లుతో పాటు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోనూ అప్పుల పాలైన రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేశాయి. 2004లో ప్రభుత్వం జీవో 421 ద్వారా బాధిత కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో దాన్ని 5 లక్షలకు, 2019లో 7 లక్షలకు పెంచారు. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీలతో కూడిన కమిటీ విచారించి తేల్చాకే సాయం అందుతుంది. ఆ విచారణలో పట్టాదారు పుస్తకం, కౌలు కాగితం, అప్పు పత్రం పరిశీలనకు వస్తాయి. ఇంట్లోని ఏడేళ్ళ పాప ఏం అనుకుంటోందో అడిగే గడి ఏ దరఖాస్తులోనూ లేదు. 2000ల తొలి సంవత్సరాల్లో హెచ్‌ఐవీ తీవ్రంగా ఉన్న జిల్లాల్లోనూ గుంటూరు, ప్రకాశం ఉన్నాయి. విజయవాడకు చెందిన వాసవ్య మహిళా మండలి వంటి సంస్థలు అప్పుడు బాధిత పిల్లలకు తోడు నిలిచాయి.

శిబిరమనే రూపం మాత్రం ఇక్కడివారికి కొత్త కాదు. ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో, పనిలో మగ్గిన పిల్లలను శిబిరాల ద్వారా బడికి చేర్చింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 1990ల చివర ప్రభుత్వం వేసవిలో ఖాళీగా ఉండే సంక్షేమ హాస్టళ్ళలోనే బడి మానిన పిల్లలకు శిబిరాలు నడిపింది. చదువు కోసం సాధ్యమైనది దుఃఖం కోసం అసాధ్యం కాదు.

అభ్యంతరాలు, సమాధానాలు

బంధుబలగం ఉన్న మన ఊళ్ళకు ఈ పరాయి పద్ధతి అక్కరలేదన్నది మొదటి అభ్యంతరం. కానీ ఆ బంధువులు కూడా అదే దుఃఖంలో ఉంటారు. అమ్మ ఏడుస్తుందని బిడ్డ తన ఏడుపు దాచుకుంటాడు. అప్పుల వల్ల తండ్రి ప్రాణం తీసుకున్న ఇంట్లో ఆ మాటే ఎవరూ ఎత్తరు. తనవంటి ఇంకో బిడ్డ ఎదుట ఆ దాపరికం అవసరముండదు. మానుతున్న గాయాన్ని కెలకడమే అవుతుందన్నది రెండోది. హార్వర్డ్ పరిశోధకులు విలియం వర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ 70 కుటుంబాల్లోని 125 మంది పిల్లలను పరిశీలించగా, తీవ్రమైన ఇబ్బందులు ఏడాదికి 19 శాతం మందిలో, రెండేళ్ళకు 21 శాతం మందిలో కనిపించాయి. అంటే సంవత్సరీకం పూర్తయి ఊరు మరిచాక కూడా కొందరు పిల్లల్లో గాయం పచ్చిగానే ఉంటుంది.

మూడో అభ్యంతరం బలమైనది: శిబిరాల ఫలితానికి రుజువు చాలదు. నిజమే, శిబిరాలపై వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువ చిన్నవి. 2007లో క్యూరియర్ బృందం పిల్లల శోక సహాయంపై 13 నియంత్రిత అధ్యయనాలను కలిపి చూసి, మొత్తం మీద చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదని తేల్చింది. అయితే సరైన సమయంలో, నిజంగా ఇబ్బంది పడుతున్న పిల్లలను ఎంచుకుని చేసిన చోట ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని కూడా ఆ బృందమే చెప్పింది. అరిజోనాలో ఇర్విన్ శాండ్లర్ బృందం 156 కుటుంబాల్లోని 244 మంది పిల్లలతో పరీక్షించిన కార్యక్రమం పిల్లలతో పాటు వారిని పెంచే పెద్దలకూ శిక్షణ ఇచ్చింది. ఏళ్ళ తరువాత కూడా దాని మేలు కనిపించింది. ఈ రెండు ఫలితాలూ శిబిరాన్ని తోసిపుచ్చవు, అది ఎలా ఉండాలో నిర్దేశిస్తాయి. ముందు కడుపు నిండాలి కదా అన్న నాలుగో మాటలో న్యాయం ఉంది. పరిహారం ఆలస్యమైతే ఏ శిబిరమూ ఆ లోటు పూడ్చలేదు. కానీ డబ్బు అందినంత మాత్రాన బిడ్డ ప్రశ్నలకు జవాబు దొరకదు.

కాబట్టి దర్శి వంటి చోట శిబిరం పెట్టదలచినవారికి ఈ చరిత్ర ఇచ్చే సలహా స్పష్టం. మిరప కోతలు ముగిసి తల్లులకు కాస్త తీరిక దొరికే మే నెల, ఖాళీగా ఉన్న హాస్టలు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, అవసరమైతే పంపడానికి జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యులు చాలు. తల్లుల సమావేశం మాత్రం తప్పనిసరి. జూన్‌లో బడి తెరిచాక అదే ఉపాధ్యాయుడు అదే బిడ్డను ఏడాది పొడవునా పలకరించాలి. ఆ పలకరింపు లేని శిబిరం పిల్లలకు ఒక విహారయాత్రగా మిగులుతుంది. అది ఉన్న శిబిరం, పరిహారంతో పాటు ప్రభుత్వం ఆ కుటుంబానికి బాకీపడ్డ రెండో సాయం.