తక్కువ బరువుతో పుట్టే శిశువులు

పుట్టినప్పుడు 2,500 గ్రాముల కంటే తక్కువ బరువున్న బిడ్డను ప్రపంచ ఆరోగ్య సంస్థ తక్కువ బరువు శిశువుగా నిర్వచించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో బరువు నమోదైన శిశువులలో సుమారు 18 శాతం ఈ కోవకు చెందినవారే.

రకాలు

కొందరు శిశువులు 37 వారాలు నిండక ముందే పుట్టడం వలన బరువు తక్కువగా ఉంటారు. మరికొందరు నెలలు నిండినా గర్భంలో సరిగా ఎదగరు. ఒకే గర్భకాలానికి పుట్టిన నూరుమంది శిశువులను బరువును బట్టి వరుసలో నిలిపితే, అట్టడుగున ఉండే పదిమందిని 'వయసుకు తగినంత ఎదగనివారు' అంటారు. వీరందరూ రోగులు కారు. తల్లిదండ్రులు చిన్న ఆకారం గలవారైతే బిడ్డ కూడా ఆరోగ్యంగానే చిన్నగా ఉండవచ్చును. ఈ తేడా తెలియాలంటే చివరి బహిష్టు తేదీ గుర్తుంచుకోవడం ముఖ్యం.

కారణాలు

తల్లికి సంబంధించినవి:
* పోషకాహార లోపం, గర్భానికి ముందే తక్కువ బరువు, రక్తహీనత
* 20 ఏళ్ళలోపు గర్భం, కాన్పుల మధ్య తక్కువ ఎడం
* అధిక రక్తపోటు, మూత్రపిండాల వ్యాధులు, మలేరియా
* పొగాకు, మద్యం, కట్టెల పొయ్యి పొగ
* ఇదివరకు తక్కువ బరువు బిడ్డను కనడం

మాయకు, శిశువుకు సంబంధించినవి:
* మాయ ద్వారా రక్తప్రసరణ తగ్గడం
* కవల పిల్లలు
* పుట్టుకతో వచ్చే లోపాలు, రుబెల్లా వంటి అంటువ్యాధులు

పొగలోని నికోటిన్ మాయకు వెళ్ళే రక్తాన్ని, కార్బన్ మోనాక్సైడ్ ఆ రక్తంలోని ప్రాణవాయువును తగ్గిస్తాయి. ఉత్తర కోస్తాలో కొందరు స్త్రీలకు ఉన్న అడ్డపొగ (చుట్టను నిప్పువైపు నోటిలో ఉంచి కాల్చడం) అలవాటు గర్భిణులకు ఈ కారణంగా కూడా హానికరం.

అపోహ

బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని గర్భిణికి తిండి తగ్గించే ఆచారం కొన్ని కుటుంబాలలో ఉంది. ఇది పొరపాటు. ఇలా చేస్తే కాన్పు సులువు కాకపోగా, తల్లి నీరసించి బిడ్డ బలహీనంగా పుట్టే ప్రమాదం ఉంది.

నివారణ, సంరక్షణ

గర్భిణులు క్రమంగా బరువు, రక్తపోటు చూపించుకోవాలి. కనీసం 180 రోజులు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడాలి. బిడ్డ కదలికలు తగ్గితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇటువంటి శిశువుల ఒంటి వేడి, రక్తంలో చక్కెర త్వరగా పడిపోతాయి. అందుచేత బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ ఎంతో మేలు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైన ఈ పద్ధతిని పుట్టిన వెంటనే ప్రారంభించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. తల్లిపాలే వీరికి ఉత్తమ ఆహారం.

ఇవి కూడా చూడండి

* గర్భం
* రక్తహీనత
* తల్లిపాలు