ఏడాదిపాటు మూతపడిన గణిత భాండారం

2000 అక్టోబరు 23న మ్యాత్‌వరల్డ్ అనే గణిత విజ్ఞానసర్వస్వం ఇంటర్నెట్‌లో కనబడకుండా పోయింది. విద్యార్థులూ అధ్యాపకులూ రోజూ తిరగేసే ఆ వెబ్‌సైటును అమెరికా కోర్టు ఉత్తర్వు మూసివేయించింది.

దాని కర్త ఎరిక్ వైస్‌స్టైన్ విద్యార్థి దశలోనే గణిత విషయాలను నోట్సుగా పోగుచేయడం మొదలుపెట్టాడు. 1995లో వాటిని ఇంటర్నెట్‌లో పెట్టాడు. 1998లో సీఆర్‌సీ ప్రెస్ ఆ సేకరణను దాదాపు 2,000 పేజీల పుస్తకంగా అచ్చువేసింది. మరుసటి ఏడాది ఆయన మ్యాథమెటికా సాఫ్ట్‌వేర్ తయారుచేసే వుల్‌ఫ్రామ్ రీసెర్చ్‌లో చేరాడు. సైటుకు మ్యాత్‌వరల్డ్ అని పేరు పెట్టారు. అప్పుడు మొదలైంది తగాదా. తాను ఇచ్చింది అచ్చు పుస్తకం హక్కులేనని ఆయన వాదన. సైటు తమ కాపీరైటును ఉల్లంఘిస్తోందని ప్రచురణకర్తల వాదన.

గణితానికి కాపీరైటు ఏమిటన్న అనుమానం సహజం. సూత్రానికి, సిద్ధాంతానికి అది వర్తించదు. పద్దుల పద్ధతిపై వచ్చిన ఒక పుస్తకం విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 1879లోనే తేల్చింది: రక్షణ పుస్తకంలోని రాతకే గాని, అది నేర్పే పద్ధతికి కాదు. వర్గ సమీకరణ సూత్రం అందరిదీ. దాని చుట్టూ అల్లిన వివరణ, గీసిన బొమ్మ, అంశాలను ఎంచి పేర్చిన తీరు మాత్రం రాసినవాడివి. ఒప్పందంపై సంతకం చేస్తే అవి మరొకరివి.

మ్యాత్‌వరల్డ్ 2001 నవంబరులో తిరిగి తెరుచుకుంది. రాజీలో భాగంగా సీఆర్‌సీకి సొమ్ము ముట్టింది, సైటులో కాపీరైటు గుర్తింపు దక్కింది, మళ్లీ పుస్తకంగా వేసుకునే హక్కూ వచ్చింది. సవరణలు, చేర్పులు పంపిన పాఠకుల శ్రమ కూడా ఈ లెక్కలోనే కలిసిపోయింది. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా అన్యాయంగా తోచేది ఇదే.

సైటు మూతపడి ఉన్న రోజుల్లోనే ఆరన్ క్రౌన్, నాథన్ ఎగీ ప్లానెట్‌మ్యాత్‌ను మొదలుపెట్టారు. రాసినవారి హక్కు రాసినవారిదే. కానీ జీఎన్‌యూ స్వేచ్ఛా పత్ర లైసెన్సు కింద ఎవరైనా నకలు తీయవచ్చు, మార్చవచ్చు. పేరు చెప్పాలి, అదే లైసెన్సును కొనసాగించాలి. ప్రతి వ్యాసానికీ ఒక యజమాని ఉండేవాడు. దిద్దుబాట్లు సూచిస్తే స్పందించడం అతని బాధ్యత. ఎంతకీ పట్టించుకోకపోతే వ్యాసం ఇంకొకరి చేతికి వెళ్లేది.

2001 జనవరిలో పుట్టిన వికీపీడియాదీ అప్పట్లో అదే లైసెన్సు. అందుకే రెండింటి మధ్య రాకపోకలు సాధ్యమయ్యాయి. వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు ప్లానెట్‌మ్యాత్ వ్యాసాలను విషయాలవారీగా జాబితా వేసి, తమ దగ్గర లేనివాటిని ఒక్కొక్కటిగా తెచ్చుకున్నారు. లేటెక్ అనే అక్షరకూర్పు పద్ధతిలో రాసిన సమీకరణాలను వికీ పద్ధతిలోకి మార్చారు. వ్యాసం అడుగున, ఫలానా విషయం ప్లానెట్‌మ్యాత్ నుంచి తీసుకున్నదని రాశారు.

ఆ వాక్యంతో లైసెన్సు రుణం తీరింది, ఆధారాల రుణం తీరలేదు. స్వచ్ఛందంగా రాసిన మరో విజ్ఞానసర్వస్వం వికీపీడియా దృష్టిలో నమ్మదగిన ఆధారం కాదు. కాబట్టి పాఠ్యపుస్తకమో, పరిశోధన పత్రమో చూపాలి. మామూలు కూడికలు, తీసివేతల వంటి లెక్కలకు ఆధారం అడగరు. ఇక సొంతంగా కనిపెట్టిన సిద్ధాంతమైతే, ఎంత సరైనదైనా, ముందు వేరేచోట అచ్చు కావాలి.

ఇక్కడే గణితం రాసేవారికి అసలు ఇబ్బంది. పుస్తకంలోని ఉపపత్తిని మక్కికి మక్కి దించితే కాపీరైటు అడ్డం వస్తుంది. సొంత దారిలో దూరం వెళితే సొంత పరిశోధన అంటారు. పైగా బీజగణితంలోని సమూహం, వలయం వంటి భావనలకు నిర్వచనం చెప్పగల తీరులే బహు కొద్ది. ఇద్దరు నిజాయితీగా రాసినా వాక్యాలు కలుస్తాయి. అలాంటి పోలికను దొంగతనం అనడం తప్పు. ఉదాహరణల వరుస, వాటి చుట్టూ మాటలు కూడా అచ్చుగుద్దినట్టు ఉంటేనే అనుమానించాలి.

2009లో వికీపీడియా క్రియేటివ్ కామన్స్ లైసెన్సుకు మారింది. ప్లానెట్‌మ్యాత్ పాత లైసెన్సుతోనే ఉండిపోయి ఉంటే దాని కొత్త వ్యాసాలను తెచ్చుకునే దారి మూసుకుపోయేది. అదీ అదే లైసెన్సుకు మారడంతో రాకపోకలు ఆగలేదు.