కారం పొడికి మూడో మనిషి పరీక్ష: ఎక్కడ మొదలై మన దాకా ఎలా వచ్చింది

మన కారం యూనిట్ జమాఖర్చులు ఈ నివేదికలో వేరే చోట ఉన్నాయి. అందులో "ల్యాబ్ పరీక్ష" అనే పద్దు చూసి చాలామంది అక్కలు ఒకటే మాట అడిగారు. మన చేలో కాయ, మనం తొడిమ తీసిన కాయ, మనం దగ్గరుండి మర పట్టించిన కారం. దానికి ఇంకొకళ్ల సర్టిఫికెట్ ఏంటి, ఆ డబ్బులు దండగ కాదా అని. సబబైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

సరుకు మీద బయటివాళ్ల ముద్ర మన దేశానికి కొత్త కాదు. 1937లో వ్యవసాయ ఉత్పత్తుల గ్రేడింగ్, మార్కింగ్ చట్టం వచ్చింది. అగ్‌మార్క్ ముద్ర దాంట్లోంచి పుట్టిందే. 1947 జనవరిలో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ ఏర్పడింది, 1952 చట్టంతో ఐఎస్ఐ ముద్రకు బలం వచ్చింది. 1986 చట్టం తర్వాత ఆ సంస్థే బీఐఎస్ అయింది. కుక్కర్ మీద, ఇస్త్రీపెట్టె మీద మనం వెతికే గుర్తు అదే. పేర్లు మారినా సూత్రం ఒక్కటే: చేసినవాళ్లూ కాదు, కొనేవాళ్లూ కాదు, అమ్మకంలో లాభనష్టాలు లేని మూడో మనిషి చూసి చెప్పాలి. అయితే చాలా సరుకులకు ఈ ముద్ర ఇష్టమైతేనే. అగ్‌మార్క్ కూడా ఎక్కువ వాటికి అంతే. కారం పొడి విషయంలో చాలాకాలం అమ్మేవాడి మాటే ముద్ర.

ఆ మాట 2003లో చెల్లకుండా పోయింది. ఆ ఏడాది మే నెలలో, మన దేశం నుంచి వెళ్లిన మిరప సరుకులో సుడాన్-1 అనే రంగు ఉందని ఫ్రాన్స్ మిగతా యూరప్ దేశాలను హెచ్చరించింది. సుడాన్-1 తినే రంగు కాదు. నూనెలకు, మైనానికి, బూట్ల పాలిష్‌కు వాడే రంగు. క్యాన్సర్ భయం ఉన్న పదార్థం. కారంలో అలాంటిది ఎందుకు పడుతుందో యార్డు మొహం చూసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. తాలుకాయ చవక, ఎర్రకాయ ప్రియం. తెల్లబోయిన కాయను ఎర్రగా చూపించాలన్న ఆశ ఉన్నంతకాలం రంగుకు గిరాకీ ఉంటుంది. జూన్‌లో యూరప్ నియమం పెట్టింది: సుడాన్-1 లేదని చెప్పే పరీక్ష రిపోర్టు వెంట లేకపోతే మిరప సరుకు లోపలికి రాదు. 2004లో సుడాన్ రంగుల్లో మిగతా రకాలను, కర్రీ పౌడర్‌ను కూడా ఆ నియమం కిందికి తెచ్చారు.

అసలు దెబ్బ ఆ తర్వాత తెలిసింది. నియమం రాకముందే, 2002లో, ఇక్కడి నుంచి బ్రిటన్‌కు వెళ్లిన కారం ఒకటి ఉంది. దాన్ని ఒక సాస్‌లో వేశారు. ఆ సాస్‌ను ఎన్నో కంపెనీలు తమ వంటకాల్లో వేసుకున్నాయి. 2005 ఫిబ్రవరిలో సంగతి బయటపడేసరికి నాలుగు వందలకు పైగా రకాల తినుబండారాలను దుకాణాల అరల్లోంచి తీసేయాల్సి వచ్చింది. రంగు కలిపిన చెయ్యి ఎవరిదో గానీ, అనుమానం మాత్రం "ఇండియా కారం" అన్న పేరు మీదే పడింది. రంగు ముట్టని రైతు, రంగు ముట్టని కూలి అక్క కూడా ఆ పేరు కిందే ఉన్నారు కదా.

2003లోనే మన స్పైసెస్ బోర్డు ఎగుమతయ్యే మిరప సరుకుకు ముందుగా నమూనా తీసి పరీక్షించడం తప్పనిసరి చేసింది. తర్వాత గుంటూరులోనే బోర్డు ల్యాబ్ వచ్చింది. ఇక్కడ మేము గమనించమంటున్నది నమూనా ఎవరు తీస్తారన్నది. మనం ఏరి పొట్లం కట్టి ల్యాబ్‌కు ఇస్తే, వచ్చే రిపోర్టు ఆ పొట్లానికే చెల్లుతుంది, గోడౌన్‌లో ఉన్న బస్తాలకు కాదు. బయటి మనిషి వచ్చి తనకు తోచిన బస్తాలోంచి తీస్తేనే అది లాటు మొత్తానికి సాక్ష్యం.

ఇక మన గ్లాసు నీళ్ల పరీక్ష. శిక్షణల్లో అందరం నేర్చుకున్నాం, నేర్పించాం. గ్లాసు నీళ్లలో కారం చల్లితే ఇటుక పొడి అడుగుకు దిగుతుంది, నీళ్లలో కరిగే రంగు చారలు చారలుగా జారుతుంది. ఆ రెంటికీ అది మంచి పరీక్షే, మానాల్సిన పని లేదు. కానీ సుడాన్ నూనెలో కరిగే రంగు, నీళ్లలో కదలదు. పోనీ నూనెలో వేసి చూద్దామంటే మంచి కారం కూడా నూనెను ఎర్రగానే చేస్తుంది. ఆవకాయ జాడీ చూసిన ఎవరికి తెలియదు! కంటికీ నాలుకకీ అందని దాన్ని మిషన్ మీదే పట్టాలి.

కంటికి కనపడని ఇంకొకటి అఫ్లాటాక్సిన్. దీన్ని ఎవరూ కలపరు, బూజు వల్ల దానంతట అదే వస్తుంది. కళ్లంలో మట్టి మీద ఆరబోసిన కాయ రాత్రి మంచుకో, ఆఖర్న పడ్డ వానకో తడిస్తే, సరిగా ఆరకుండా బస్తాకెత్తితే బూజు పడుతుంది. ఆ విషం మర పట్టినా పోదు, తాలింపులో వేగినా పూర్తిగా పోదు. యూరప్ లెక్కలో కిలో కారంలో బి1 రకం 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అంటే నిజాయితీగా చేసిన కారం కూడా పరీక్షలో పోవచ్చు. పట్టా పరిచి ఆరబెట్టండి, తడి కాయ విడిగా తియ్యండి అని మేము పదే పదే చెప్పేది ఇందుకే.

"మనకు ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉందిగా" అని కొందరన్నారు. ఉంది. 2006 చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల లెక్కలో ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్న యూనిట్ 100 రూపాయల రుసుముతో రిజిస్టర్ అయ్యేది. ప్యాకెట్ మీద ఉండే ఆ 14 అంకెలు, ఈ సరుకు ఎవరు చేశారో ప్రభుత్వానికి తెలుసు అని చెబుతాయి. లోపలున్న కారం పరీక్షకు నిలిచిందని చెప్పవు. అగ్‌మార్క్ వేరు. దానికి అనుమతి పత్రం తీసుకోవాలి, ఆమోదం పొందిన ల్యాబ్‌లో లాటు వారీగా పరీక్ష జరగాలి. ఈ రెంటినీ ఒకటిగా చెప్పి అమ్మొద్దని మార్కెటింగ్ అక్కలకు మనవి.

ఖర్చు మాట నిజమే. పది బస్తాలకైనా వంద బస్తాలకైనా పరీక్ష రుసుము ఒకటే కాబట్టి చిన్న లాటు మీద భారం ఎక్కువ. నాలుగు ఊళ్ల కాయ కలిపి ఒకే లాటు చేస్తే తలా కొంచెం పడుతుంది. కానీ ఒక ఊరి బస్తా చెడితే నాలుగు ఊళ్ల కారమూ పోతుంది, బ్రిటన్ సాస్ కథే మన షెడ్డులో జరుగుతుంది. అందుకని మా ప్రతిపాదన ఇది. మర పట్టకముందు ఊరి వారీగా కాయ విడిగా ఉంచాలి. ప్రతి బస్తాకూ ఊరి పేరు, ఎత్తిన తేదీ ఉన్న చీటీ కుట్టాలి. తేమ చూసిన తర్వాతే కలపాలి. నమూనా యూనిట్ అక్కలు కాకుండా ల్యాబ్ మనిషే తియ్యాలి. రుసుము యూనిట్ లాభంలోంచి కట్టాలా, ప్యాకెట్ ధర మీద వెయ్యాలా అన్నది సర్వసభ్య సమావేశం తేల్చాలి. గ్రామైక్య సంఘాలు ముందే మాట్లాడుకుని రండి.