క్యాసెట్టు నుంచి తాళంచెవి దాకా

వీడియో గేమ్ కార్ట్రిడ్జ్‌ని మనవాళ్ళు ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. దాన్ని క్యాసెట్ అన్నారు. పాటల క్యాసెట్టు, సినిమా క్యాసెట్టు, గేమ్ క్యాసెట్టు. లోపల టేపూ లేదు, తిరిగే చక్రాలూ లేవు, అయినా క్యాసెట్టే. తొంభైల్లో పిల్లలుగా ఉన్న మాకు ఆ మాట సరిగ్గానే అనిపించేది. బయటినుంచి తెచ్చి, పెట్టెలో దోపి, ఆట అయ్యాక తీసి పక్కింటివాడికి ఇవ్వగలిగింది ఏదైనా క్యాసెట్టే కదా. లోపల ఏముందో ఆ పేరు చెప్పదు. దాంతో మనుషులు ఏం చేసేవాళ్ళో చెబుతుంది.

ఈ వ్యాసం ఆ చేతులు మారడం గురించి. నలభై ఏళ్ళుగా గేమ్ కన్సోళ్ళ రూపం మారిన ప్రతిసారీ, ఆటను దాచే వస్తువు కూడా ఎంతోకొంత మారుతూ వచ్చింది. ఇప్పుడు ఆ వస్తువే లేకుండా పోయే చోటికి చేరాం. దీన్ని హైదరాబాద్‌లో, అందులోనూ హైటెక్ సిటీ చుట్టుపక్కల కూర్చుని ఆలోచించడానికి ఒక కారణం ఉంది. అది కాసేపట్లో చెప్తాను.

మొదటి రూపం 1983 జులై 15న జపాన్‌లో విడుదలైన నింటెండో వారి ఫ్యామికామ్. క్యాసెట్టుని పైనుంచి గుచ్చాలి. అదే యంత్రాన్ని 1985లో అమెరికాకి తీసుకెళ్ళేటప్పుడు నింటెండో దాని రూపం మొత్తం మార్చేసింది. అంతకు రెండేళ్ళ ముందే అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. అమ్ముడుపోని క్యాసెట్లని అటారీ సంస్థ న్యూ మెక్సికో ఎడారిలో పూడ్చిపెట్టింది, 2014లో తవ్వితే అవి నిజంగానే బయటపడ్డాయి. 'వీడియో గేమ్' అనే మాట వింటేనే షాపులవాళ్ళు మొహం తిప్పుకునే రోజులు కాబట్టి, నింటెండో తన పెట్టెని వీసీఆర్‌లా తయారుచేసింది. ముందున్న తలుపు తెరిచి, క్యాసెట్టు లోపలికి తోసి, కిందికి నొక్కాలి. చూడ్డానికి బావుంది గానీ, వాడేకొద్దీ లోపలి పిన్నులు వదులైపోయేవి, తెర మిణుకుమిణుకుమనేది. పిల్లలు క్యాసెట్టు తీసి నోటితో ఊదేవాళ్ళు. 1993లో వచ్చిన కొత్త డిజైన్లో నింటెండో మళ్ళీ పైనుంచి గుచ్చే పద్ధతికే తిరిగొచ్చింది.

మన దగ్గరికి ఇవేవీ సూటిగా రాలేదు. 1995లో సెగా సంస్థ తన కన్సోల్‌ని ఇండియాలో అమ్మడానికి షా వాలెస్‌తో ఒప్పందం చేసుకుంది. అవును, మద్యం వ్యాపారంలో పేరున్న షా వాలెస్సే. 80 శాతం దిగుమతి సుంకాన్ని తప్పించుకోవడానికి చేసిన ఏర్పాటు అది. అంత చేసినా ధర 18,000 రూపాయలు. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళలో అది కొన్ని నెలల జీతం. అందుకే మనకి చేరింది ఫ్యామికామ్ నకళ్ళు. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో వచ్చిన పెట్టెలు, వాటితోపాటు '9999 ఆటలు' అని రాసి ఉన్న పసుపు క్యాసెట్లు. విప్పి చూస్తే పది ఇరవై ఆటలే మళ్ళీ మళ్ళీ వేరే వేరే పేర్లతో వచ్చేవి. మా పెట్టెలో క్యాసెట్టు పైనుంచే గుచ్చాలి, అమెరికా పిల్లల బాధ మాకు లేదు. అయినా మేమూ ఊదేవాళ్ళం. ఆ మంత్రం మాదాకా ఎలా వచ్చిందో!

అసలు ధర పెట్టి కొనలేని దేశంలో ఆ ఆటలు అంతమందికి తెలిశాయంటే, చేతులు మారడం వల్లే. వీధికొక పెట్టె, నాలుగిళ్ళకొక క్యాసెట్టు. గంటకింత అని తీసుకుని ఆడించే దుకాణం. వేసవి సెలవులకి అమ్మమ్మ ఊరెళ్తే అక్కడి మావయ్య కొడుకు దగ్గర మరో క్యాసెట్టు.

సీడీ వచ్చాక లెక్క మారింది. నింటెండోతో కలిసి చేయాల్సిన సీడీ యంత్రం ఒప్పందం 1991లో బెడిసికొట్టడంతో, సోనీ సొంతంగా ప్లేస్టేషన్ చేసి 1994 డిసెంబర్ 3న జపాన్‌లో విడుదల చేసింది. దానికి పోటీగా 1996లో వచ్చిన నింటెండో 64 క్యాసెట్లనే నమ్ముకుంది. వాటిలో అతి పెద్దదానికి కూడా 64 మెగాబైట్లే పడతాయి, సీడీలో 650 పడతాయి. పైగా సీడీ అచ్చు వేయడం చాలా చవక. 1997లో ఫైనల్ ఫాంటసీ 7 మూడు సీడీల మీద ప్లేస్టేషన్‌కి వచ్చింది. అంతకుముందు ఆ వరుస ఆటలన్నీ నింటెండో క్యాసెట్ల మీదే వచ్చేవి. ఒక పెద్ద ఆటల కంపెనీ ఇల్లు మారడానికి ఒక పల్చటి ప్లాస్టిక్ బిళ్ళ సరిపోయింది.

అచ్చు వేయడం కంపెనీకి చవకైతే, నకలు తీయడం మిగతావాళ్ళకీ చవకే. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 మన నగరాల్లో 'చిప్ వేసిన' పెట్టెగానే చాలామందికి తెలుసు. సినిమా సీడీల పక్కనే గేమ్ సీడీలు పోసి అమ్మేవాళ్ళు. 2004లో దాని సన్నటి రూపం వచ్చింది. పాత పెట్టెలో హార్డ్ డిస్క్ పెట్టుకోవడానికి ఉన్న చోటు తీసేశారు, ముందుకొచ్చే ట్రే బదులు పైన మూత పెట్టారు. ప్రపంచంలో 15 కోట్లకు పైగా అమ్ముడైన ఆ కన్సోల్ మన దగ్గర మరీ ఎక్కువ కాలం బతికింది. 2007 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 3 ఇక్కడికి 39,990 రూపాయల ధరతో వచ్చింది మరి.

ఇక్కడే హైదరాబాద్ కథలోకి వస్తుంది. 1998 నవంబర్‌లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటినుంచి ఈ నగరం గురించి రాసిన చరిత్రల్లో కాల్ సెంటర్లుంటాయి, బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఆటలు అంతగా కనబడవు. కానీ 2009లో, హైదరాబాద్‌కి చెందిన అరోనా టెక్నాలజీస్ తయారుచేసిన 'హనుమాన్: బాయ్ వారియర్'ని సోనీ ప్లేస్టేషన్ 2 మీద విడుదల చేసింది. పూర్తిగా ఇండియాలో తయారైన తొలి ప్లేస్టేషన్ 2 ఆటగా దానికి పేరు. అదే ఏడాది, మరో హైదరాబాద్ సంస్థ గేమ్‌శాస్త్ర చేసిన 'దేశీ అడ్డా' వచ్చింది. కబడ్డీ, బిళ్ళంగోడు, గాలిపటాల పోటీ లాంటి మన ఆటల్ని కంట్రోలర్ బటన్ల మీదికి తెచ్చిన ఆట. ప్రపంచం ప్లేస్టేషన్ 3 మీద ఉంటే వీళ్ళు పాత యంత్రానికి ఎందుకు చేశారంటే, మన ఇళ్ళలో ఉన్నది అదే కాబట్టి.

హనుమంతుడి ఆట గొప్పదని నేను అనను. కంట్రోళ్ళు మొరాయిస్తాయి, సమీక్షకులు దాన్ని ఏకిపారేశారు. దేవుణ్ణి బటన్లతో ఆడించడమేంటని అమెరికాలో కొందరు హిందూ నాయకులు అభ్యంతరం చెప్పారు కూడా. అదంతా ఉండనీండి. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ఎంత గొప్పగా ఉండేదో కూడా మనకి తెలీదు. 1932లో వచ్చిన ఆ సినిమా ప్రింటు ఇవాళ లేదు, చూసి తేల్చుకునే అవకాశమూ లేదు. తొలి ప్రయత్నాల్ని దాచుకునేది అవి గొప్పవని కాదు, తర్వాత వచ్చినవి ఎక్కణ్ణుంచి మొదలయ్యాయో తెలియడానికి.

హనుమంతుడి ఆట ఇవాళ ఆడాలంటే ఏం చేయాలి? పాత డిస్కు ఒకటి దొరకాలి. దాన్ని చదివే ప్లేస్టేషన్ 2 దొరకాలి, అందులోని లేజర్ ఇంకా పనిచేయాలి. ప్లేస్టేషన్ 4, 5 ఆ డిస్కుల్ని చదవవు. అంటే హైదరాబాద్ ఆటల చరిత్రలో తొలి అధ్యాయం ఎవరి అటకమీదో, ఎవరి పాత సామాన్ల దుకాణంలోనో ఉంది. ఉంది అని ఈమాత్రమైనా అనగలుగుతున్నామంటే అది డిస్కు కాబట్టే.

ఆ తర్వాతి పదిహేనేళ్ళలో డిస్కు పని మెల్లగా మారిపోయింది. బ్లూ-రే డిస్కు నుంచి సెకనుకి కొన్ని పదుల మెగాబైట్లు చదవచ్చు. ప్లేస్టేషన్ 5 లోపలి ఎస్‌ఎస్‌డీ సెకనుకి 5.5 గిగాబైట్లు చదువుతుంది. ఇప్పటి ఆట ఆ వేగాన్ని నమ్ముకుని రాసింది. కాబట్టి డిస్కులో ఉన్నదంతా మొదట కన్సోల్‌లోకి ఎక్కించాలి. ఆ తర్వాత డిస్కు లోపల ఉండాల్సింది 'ఇది నాదే' అని చూపించడానికి మాత్రమే. పుస్తకం పోయి లైబ్రరీ కార్డు మిగిలినట్టు.

ఆ కార్డుని కూడా లాగేసుకునే ప్రయత్నం 2013లో జరిగింది. ఎక్స్‌బాక్స్ వన్ మీద డిస్కు కొన్నా అది మీ ఖాతాకి అతుక్కుపోతుందనీ, రోజుకోసారి ఇంటర్నెట్‌కి హాజరు వేయించుకోవాలనీ మైక్రోసాఫ్ట్ చెప్పింది. సోనీ దానికి జవాబుగా ఒక చిన్న వీడియో వదిలింది. ప్లేస్టేషన్ 4 ఆటని స్నేహితుడికి ఎలా ఇవ్వాలో నేర్పే వీడియో: ఒకాయన డిస్కు చేతికిస్తాడు, ఇంకొకాయన తీసుకుంటాడు, అంతే. గగ్గోలుకి తట్టుకోలేక జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది.

కానీ నియమంతో చేయలేనిది డిజైన్‌తో జరిగిపోయింది. 2009లోనే సోనీ పీఎస్‌పీ గో అని డిస్కు అరలేని చేతి యంత్రం తెచ్చి దెబ్బతింది. అప్పటికి కాలం కలిసిరాలేదు. 2019లో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్ డిస్కు అర లేకుండా వచ్చింది. 2020లో సిరీస్ ఎస్, ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్ అదే దారిలో వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 ఇండియాకి వచ్చినప్పుడు డిస్కు ఉన్నది 49,990, లేనిది 39,990. 2023 చివర్లో వచ్చిన సన్నటి రూపంలో డ్రైవ్ విడదీసే భాగమైంది. దాన్ని మొదటిసారి తగిలించినప్పుడు ఇంటర్నెట్ ద్వారా సోనీ సర్వర్‌కి చెప్పి జత చేయాలి. 2024లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డ్రైవ్ లేనే లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. 2025 జూన్‌లో నింటెండో స్విచ్ 2తో పాటు 'గేమ్-కీ కార్డు' వచ్చింది. కార్డులో ఆట ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవాలి. కానీ ఆడేటప్పుడు కార్డు గుచ్చే ఉంచాలి. అమ్ముకోవచ్చు, అప్పివ్వచ్చు. తాళంచెవి చేతులు మారుతుంది, గది మాత్రం కంపెనీ దగ్గరే ఉంటుంది. పాత రోజుల్లో డిజైన్ మారితే పెట్టె చిన్నదయ్యేది. ఇప్పుడు మారితే పెట్టెకున్న నోరు మూసుకుపోతోంది.

నిజం చెప్పాలంటే, ఈ నోరులేని పెట్టెకి మా ఐటీ కారిడార్ సరిగ్గా సరిపోయే చోటు. 2017లోనే హైదరాబాద్‌లో సెకనుకి ఒక గిగాబిట్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, వంద గిగాబైట్ల ఆట కూడా భోజనం చేసి వచ్చేలోపు దిగిపోతుంది. మాదాపూర్ పీజీ నుంచి కొండాపూర్ ఫ్లాట్‌కి, అక్కణ్ణుంచి నల్లగండ్లకి ఇల్లు మారేవాళ్ళకి డిస్కుల డబ్బా ఒక బరువు. నా డిస్కుల అట్టపెట్టె చూసి మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి, "అన్నా, ఇవన్నీ ఎందుకు, సేల్‌లో సగం ధరకే వస్తయి గదా" అన్నాడు. వాడి లెక్క వాడికి కరెక్టే. నా లెక్క వేరు. ఆ పెట్టెలోంచి ఆటలు మా తమ్ముడికి వెళ్తాయి, వాడి దగ్గర్నుంచి ఖమ్మంలో ఉన్న వాడి స్నేహితుడికి వెళ్తాయి, కొన్ని తిరిగొస్తాయి, కొన్ని రావు. డౌన్‌లోడ్ చేసిన ఆటకి ఆ ప్రయాణం లేదు. కొన్నామనుకుంటాం గానీ దక్కేది అనుమతే. ఆ సంగతి కొనేవాడికి ముందే స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా 2024లో చట్టమే చేసింది.

ఆ అనుమతికి గడువు ఎవరి చేతుల్లో ఉంటుందో చూశాం. 2023 మార్చిలో నింటెండో తన 3డీఎస్, వీ యూ దుకాణాల్లో అమ్మకాలు ఆపేసింది. 2024 మార్చిలో యూబీసాఫ్ట్ 'ద క్రూ' సర్వర్లు ఆపేస్తే, డిస్కు కొన్నవాళ్ళకి కూడా ఆట పోయింది. అంటే డిస్కు ఉన్నంత మాత్రాన సరిపోదు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇవాళ మామూలు మార్గంలో కొనడానికి దొరకడం లేదు.

తెలుగు చదివేవాళ్ళకి ఈ కథ కొత్తది కాదు. ఇవాళ మనం ఫోన్లో తెరిచి చదువుతున్న పాత తెలుగు పుస్తకాల్లో ఎన్నో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసినవి. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రం. ఆ వెబ్‌సైట్ తర్వాత మూతపడింది. పుస్తకాలు మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి నకలు అయి ఉండటంతో మనకి మిగిలాయి. అంతకుముందు స్కాన్ చేయడానికంటూ ఎక్కడో ఒక లైబ్రరీ బీరువాలో ఒక కాగితం ప్రతి ఉంది. మొదట చేతిలో పట్టుకునే వస్తువు, తర్వాత నకలు, తర్వాత ఇంకో చోట ఇంకో నకలు. ఆ గొలుసులో మొదటి లంకె తెగితే మిగతావి లేవు.

పుస్తకాలకి 1954 నాటి చట్టం ఉంది, అచ్చయిన ప్రతి పుస్తకం జాతీయ గ్రంథాలయానికి చేరాలి. సినిమాకి 1964 నుంచి పుణెలో ఆర్కైవ్ ఉంది. ఆటకి ఈ రెండూ లేవు. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ కోసం ఇమేజ్ పాలసీ తెచ్చింది, రాయదుర్గంలో ఇమేజ్ టవర్ తలపెట్టింది. దేశంలోని గేమ్ డెవలపర్లంతా కలిసే సదస్సు ఏళ్ళ తరబడి ఇక్కడే జరిగింది. రేపటి ఆటలకి ఇంత చోటు ఉన్న ఊళ్ళో, నిన్నటి ఆటలకి ఒక గది చాలు: పనిచేసే ప్లేస్టేషన్ 2 ఒకటి, ఈ ఊళ్ళో తయారైన ప్రతి ఆట డిస్కూ రెండేసి ప్రతులు, వాటి సోర్స్ కోడ్ ఇంకా ఎవరి హార్డ్ డిస్కులోనైనా మిగిలి ఉంటే అది. డిస్కు అసలే రాని ఫోన్ ఆటలైతే ఇంకా తొందరగా చేయాలి, వాటికి అటక కూడా లేదు.

అప్పటిదాకా, ఇల్లు సర్దుతుంటే మీకు 2009 నాటి గేమ్ డిస్కు ఏదైనా కనబడితే పాత సామాన్ల వాడికి తూకానికి వేసేయకండి. గీతలు పడకుండా కవర్లో పెట్టి, చల్లటి చోట నిలబెట్టి ఉంచండి. ఎవరైనా ఆడతానంటే ఇవ్వండి, తిరిగి తెమ్మని గట్టిగా చెప్పి మరీ ఇవ్వండి.